బొడ్డుతాడు రక్తం: బ్యాంకులో దాచడమా, బిడ్డకే వదిలేయడమా?

ఏడో నెల స్కానింగ్‌కు వెళ్లిన దంపతుల చేతికి ఈమధ్య రిపోర్టుతో పాటు రంగురంగుల కరపత్రం కూడా అందుతోంది. కాన్పు సమయంలో బొడ్డుతాడు నుంచి రక్తం తీసి, అందులోని మూలకణాలను, అంటే కొత్త రక్తకణాలను పుట్టించే కణాలను దాచుకుంటే బిడ్డకే కాదు, తోబుట్టువులకు, అమ్మమ్మ తాతయ్యలకు కూడా అక్కరకు వస్తాయని అందులో రాసి ఉంటుంది. ప్యాకేజీని బట్టి ఖర్చు అరలక్ష నుంచి లక్ష దాటుతుంది, వాయిదాల్లో కట్టే వీలూ ఉంటుంది. బిడ్డ కోసం ఆ మాత్రం చేయలేమా అనుకునే తల్లిదండ్రుల ప్రేమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. అందుకే నా తీర్పు ముందే చెబుతాను. మూలకణాల మార్పిడితో నయమయ్యే జబ్బున్న పెద్దబిడ్డ ఇంట్లో ఉంటే తప్ప, ఆ రక్తాన్ని బ్యాంకుకు పంపకండి. పుట్టిన బిడ్డకే అందనివ్వండి. మూలకణాల మీద నమ్మకం ఉన్నవారు, వాటిని ఇవ్వడానికి సిద్ధపడినవారి జాబితా అయిన దాతల రిజిస్ట్రీలో పేరు ఇవ్వండి.

బొడ్డుతాడు రక్తం విలువ లేనిదని నేను అనడం లేదు. 1988లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో డాక్టర్ ఎలియాన్ గ్లక్‌మన్ బృందం, ఫాంకోనీ రక్తహీనత అనే జన్యు జబ్బుతో బాధపడుతున్న ఒక బాలుడికి అతని చెల్లెలి బొడ్డుతాడు రక్తం ఎక్కించి ప్రాణం నిలబెట్టింది. ఆ తర్వాత ప్రపంచమంతటా వేలాది మందికి అలాంటి మార్పిడులు జరిగాయి. అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ బాలుడిని బతికించింది అతని సొంత రక్తం కాదు, ఆరోగ్యంగా ఉన్న మరొకరి రక్తం. దాదాపు ఈ చరిత్ర అంతా ఇతరులు ఇచ్చిన రక్తంతోనే నడిచింది.

సొంత రక్తం ఎందుకు పనికిరాదు? తలసీమియా, సికిల్ సెల్ వంటివి జన్యువుల్లోనే ఉన్న జబ్బులు. బిడ్డకు ఆ జబ్బు ఉంటే దాచిన కణాల్లోనూ అదే లోపం ఉంటుంది. పుచ్చు విత్తనాన్ని ఎంత జాగ్రత్తగా గాదెలో పోసినా వచ్చే ఏడు మంచి మొలక రాదు కదా. లుకేమియా అనే రక్తక్యాన్సర్‌కైనా డాక్టర్లు సొంత బొడ్డుతాడు రక్తాన్ని ఎంచుకోరు. క్యాన్సర్‌కు దారితీసే మార్పులు కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఉంటాయి. పైగా మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను వెతికి చంపే పని వేరొకరి నుంచి వచ్చిన కణాలు చేసినట్టు సొంత కణాలు చేయలేవు. బిడ్డ తన సొంత బొడ్డుతాడు రక్తాన్ని మొదటి 20 ఏళ్లలో వాడుకునే అవకాశం 0.04 నుంచి 0.0005 శాతమేనని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2018లో అంచనా కట్టింది. 2,500 మందిలో ఒకరు అన్నది ఇందులో ఎంతో ఆశావహమైన లెక్క. కరపత్రంలో ఈ అంకె కనిపించదు.

పరిమాణం చిక్కు కూడా ఉంది. ఒక కాన్పులో దొరికేది సుమారు 80 నుంచి 120 మిల్లీలీటర్లు. మార్పిడికి ఎన్ని కణాలు కావాలన్నది రోగి బరువును బట్టి ఉంటుంది. చిన్నపిల్లలకు సరిపోయే సంచి 60 కిలోల తాతయ్యకు చాలదు. దాచుకున్నవారంతా ఒకరి నిల్వను మరొకరు వాడుకునే సామూహిక పథకాలు కొంత నయమే కానీ, దానికీ ప్రతి ఇల్లూ వేలకు వేలు కట్టాల్సిందే. ఉచితంగా దానం చేద్దామంటే స్వీకరించే బ్యాంకులు మన దగ్గర చాలా అరుదు.

ఇప్పుడు కాకపోయినా భవిష్యత్తులో పనికొస్తుంది కదా అని అడుగుతారు. కరపత్రాల్లో అసలు బలం ఈ మాటదే కాబట్టి దీన్ని నిదానంగా చూడాలి. మూలకణాల శాస్త్రం గత రెండు దశాబ్దాల్లో నిజంగానే చాలా ముందుకు వెళ్లింది. కానీ అది వెళ్లిన దారి బొడ్డుతాడు ఫ్రీజర్ వైపు కాదు. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనకా బృందం ఎలుకల చర్మకణాలను వెనక్కి మళ్లించి పిండదశ మూలకణాల్లా మార్చింది. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. అంటే పెద్దయ్యాక కూడా చర్మం నుంచో రక్తం నుంచో అలాంటి కణాలు తయారు చేసుకోవచ్చు. 2023 నవంబరులో బ్రిటన్, ఆ తర్వాత అమెరికా అనుమతించిన క్యాస్గెవీ అనే జన్యు చికిత్సనే చూడండి. సికిల్ సెల్, తలసీమియా రోగుల రక్తం నుంచి మూలకణాలు తీసి, జన్యువును సవరించి, తిరిగి వాళ్లకే ఎక్కిస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన ఇళ్లకు అందడానికి ఇంకా చాలా దూరం ఉంది. కానీ అది అందుబాటులోకి వచ్చిన రోజున కూడా పుట్టినప్పుడు దాచిన సంచి అవసరం ఉండదు.

హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో సున్నమో రసాయనమో పడి దెబ్బతిన్న కంటికి రోగి రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, అందులోని మూలకణాలతో చూపు తెప్పిస్తున్నారు. ఆ సులభ పద్ధతిని డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో లోకానికి చెప్పింది. దానికీ బొడ్డుతాడుతో పని లేదు.

ఆటిజం పేరు చెప్పి ఆశ పెట్టడం మాత్రం క్షమించరానిది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 180 మంది పిల్లలపై బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించి, ప్రధానంగా ఆశించిన మెరుగుదల కనిపించలేదని 2020లో ప్రకటించింది. ఆటిజానికి మూలకణాల చికిత్సను సిఫారసు చేయబోమని మన జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులో తేల్చి చెప్పింది.

ఇక రెండో దారి. దీన్ని ఎవరూ అమ్మరు కాబట్టి దీనికి కరపత్రం లేదు. బిడ్డ బయటికి వచ్చాక కూడా మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా రక్తం ప్రవహిస్తూనే ఉంటుంది. బొడ్డుతాడును నొక్కి మూసే క్లాంపు వెంటనే వేయకుండా ఆగితే నెలలు నిండిన బిడ్డకు మొదటి నిమిషంలో సుమారు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకు దాదాపు 100 మిల్లీలీటర్లు అందుతుంది. మూడు కిలోల పసికందు ఒంట్లో మొత్తం రక్తమే పావు లీటరు ఉంటుందని గుర్తుంచుకుంటే ఇది ఎంత పెద్ద వాటానో తెలుస్తుంది. బ్యాంకు వాళ్లు సంచిలోకి తీసుకునేది ఈ రక్తాన్నే. దాంతో వచ్చే ఇనుము తొలి నెలల్లో బిడ్డను రక్తహీనత నుంచి కాపాడుతుంది. క్లాంపు వేయడానికి కనీసం ఒక నిమిషం ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే.

మన రాష్ట్రాల లెక్క చూస్తే ఇది ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఒక వైపు వేలల్లో ఒకరికి వచ్చే అవసరం, మరో వైపు ప్రతి ముగ్గురిలో ఇద్దరిని పట్టి పీడిస్తున్న లోపం. రెండూ చేయవచ్చని కొందరు చెబుతారు. ఆగిన తర్వాత తీయవచ్చు, నిజమే. కానీ సంచిలో పడే రక్తం తగ్గిపోతుంది, చాలాసార్లు కణాలు చాలవు. ఆగడం వల్ల కొందరు పిల్లల్లో పసిరికలు కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు కాబట్టి డాక్టరు గమనిస్తూ ఉండాలి. బిడ్డ ఊపిరి అందుకోలేకపోతే వెంటనే క్లాంపు వేయాల్సి రావచ్చు, ఆ నిర్ణయం వాళ్లకే వదిలేయాలి. మిగతా కాన్పుల్లో, సిజేరియన్‌లో కూడా, ఆగమని ముందే అడగండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

తలసీమియాతో నెలనెలా రక్తం ఎక్కించుకుంటున్న పెద్దబిడ్డ ఉన్న ఇంటి సంగతి వేరు. అక్కడ రెండో బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచడం సబబే, భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలూ దాన్ని ఒప్పుకుంటాయి. అయినా లెక్క తెలిసి ఉండాలి. ఒకరి కణాలు మరొకరికి సరిపోతాయో లేదో తేల్చే గుర్తులను హెచ్ఎల్ఏ అంటారు. తోబుట్టువుల మధ్య అవి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తున్నవారైతే, ఆ బిడ్డకు జబ్బు లేకుండా ఉండే అవకాశం నాలుగింట మూడు వంతులు. రెండూ కలిస్తే పదహారింట మూడు. అలా కలిసినా బొడ్డుతాడు రక్తం ఒక్కటే దిక్కు కాదు, బిడ్డ కాస్త పెరిగాక మూలుగ కూడా తీయవచ్చు. అర్హత ఉన్న పిల్లలకు కోల్ ఇండియా నిధులతో నడిచే తలసీమియా బాల సేవా యోజన మార్పిడికి 10 లక్షల వరకు ఇస్తోంది. ఆ ఇంటివారు ముందుగా వెళ్లాల్సింది నిల్వ సంస్థ దగ్గరికి కాదు, మార్పిడి చేసే ఆసుపత్రికి.

మరి మిగతావాళ్లకు రేపు నిజంగానే మూలకణాలు కావాల్సి వస్తే? తల్లి, తండ్రి సగం సరిపోలినా మార్పిడి చేసే పద్ధతి ఇప్పుడు మన దేశంలోనూ ఉంది. మార్పిడి తర్వాత సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చే విధానం వచ్చాక ఇది బాగా పెరిగింది. బొడ్డుతాడు సంచుల అవసరం తగ్గడానికి అదీ ఒక కారణం. పూర్తిగా సరిపోలే బయటి దాత దొరకడం మన వాళ్లకు ఇప్పటికీ కష్టమే. హెచ్ఎల్ఏ వంశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా రిజిస్ట్రీలో తెల్లవారికి పూర్తిగా సరిపోలే దాత దొరికే అవకాశం 79 శాతం, ఆసియా మూలాలవారికి 47 శాతమే. డల్లాస్‌లో ఉన్న తెలుగు బిడ్డకైనా గుంటూరులో ఉన్న బిడ్డకైనా దాత దొరకాలంటే మనవాళ్ల పేర్లు జాబితాల్లో ఉండాలి.

18 ఏళ్లు నిండి ఆరోగ్యంగా ఉంటే దాత్రి, డీకేఎంఎస్ వంటి రిజిస్ట్రీల్లో చేరవచ్చు. బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనా చాలు. గర్భిణి కాన్పయ్యాక చేరవచ్చు, భర్త ఈరోజే చేరవచ్చు. ఎవరితోనైనా సరిపోలితే అయిదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, ప్లేట్‌లెట్లు తీసినట్టే కొన్ని గంటలపాటు చేతి నరం నుంచి కణాలు సేకరిస్తారు. ఒళ్లు నొప్పులు, తలనొప్పి కొన్ని రోజులు ఉంటాయి. చేరే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడి, పిలుపు వస్తే వెళతానని గట్టిగా నిశ్చయించుకున్నాకే నమూనా ఇవ్వండి. మార్పిడికి ముందు రోగి మూలుగను మందులతో పూర్తిగా తుడిచేస్తారు. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే రోగి ప్రాణానికే ముప్పు.