మద్రాసు డిసెంబరులో మధ్యాహ్నం రెండు గంటల కచేరీ

డిసెంబరు నడుమ నుంచి జనవరి మొదలు దాకా మద్రాసులో కర్ణాటక సంగీత సీజన్. ఎవరు ఏ సభలో (కచేరీలు పెట్టే సంఘాలను అక్కడ సభలంటారు) ఎన్నింటికి పాడుతున్నారో పేపర్లలో వస్తుంది, ఫోన్లలో తిరుగుతుంది. ఆ పట్టిక నేను మళ్లీ రాయను. అక్కడి పేరున్న సభ మ్యూజిక్ అకాడమీ గొప్పతనం కూడా రాయను. అది 1928 నుంచి ఉంది, నా సమీక్ష లేకపోయినా ఉంటుంది. నెల్లూరు నుంచి పన్నెండు సీజన్లు వెళ్లొచ్చాను. నడుమ 2020లో మాత్రం అందరిలాగే ఇంట్లో కూర్చుని ఫోన్లో విన్నాను. ఇన్నిసార్లు తిరిగాక ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే: మధ్యాహ్నం కచేరీకి వెళ్లండి.

సాయంత్రం కచేరీకి టికెట్టు. పెద్ద పేరయితే ఆ టికెట్టు దొరకడం మన చేతుల్లో ఉండదు. మధ్యాహ్నం మాత్రం చాలా సభల్లో టికెట్టే లేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, నచ్చిన సీట్లో కూర్చోవచ్చు. పాడేది ఇరవై, పాతికేళ్ల పిల్లలు. ఇంకో పదేళ్లకు వీళ్లలో ఎవరో ఒకరు సాయంత్రానికి మారతారు. అప్పుడు మనం బయట క్యూలో నిలబడి, "ఈ అమ్మాయిని నేను మూడో వరసలో కూర్చుని విన్నాను" అని పక్కవాడికి చెప్పుకోవచ్చు. నాకు అలా ఇద్దరున్నారు. పక్కవాళ్లు నమ్మరు, అది వేరే సంగతి.

అసలు నేను మొదట వెళ్లింది పాట కోసం కాదు, తిండి కోసం. మా చిన్నాన్న వాళ్లది మద్రాసులో పశ్చిమ మాంబళం. పెళ్లి భోజనం పెళ్లి లేకుండా తినాలంటే సభ క్యాంటీన్‌కు పద అని మొదటిసారి ఆయనే తీసుకెళ్లాడు. హాలు వెనక పందిరి, పొడవాటి బల్లలు, టోకెన్, అరిటాకు. ఆకుకూర వేసిన కీరై వడ, అరటిపువ్వు వడ, బూడిదగుమ్మడికాయతో చేసే కాశీ హల్వా, చివర్లో కాఫీ. కచేరీ లోపల జరుగుతుంటే బయట ఇంతమంది ఆకుల ముందు కూర్చున్నారేమిటని ఆశ్చర్యపోయాను. తర్వాత తెలిసింది, మృదంగం వాయించేవాడికి తని ఆవర్తనం (పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) ఇవ్వగానే సగం హాలు లేచి కాఫీకి వస్తుందని. రెండు సీజన్లు నేనూ అలాగే లేచాను. ఒకసారి లేస్తూ వేదిక వైపు చూస్తే మృదంగం కుర్రవాడు కళ్లెత్తి సరిగ్గా నన్నే చూస్తున్నాడు. అప్పటి నుంచి లేవడం లేదు.

నాలుగో సీజన్ అనుకుంటాను. పన్నెండున్నరకు ఆకు ముందు కూర్చుని, పాయసం రెండోసారి వేయించుకుని, ఎండలో ఇంటికి పోలేక, ఏసీలో ఒక కునుకు తీద్దామని హాల్లోకి వెళ్లాను. లోపల ముప్పై మంది కూడా లేరు. ఒకమ్మాయి పాడుతోంది. నేను కళ్లు మూసుకున్నాను. ఎంతసేపైందో, మోచేతి మీద వేలు తగిలింది. పక్క సీట్లో డెబ్బై దాటిన మామి (అక్కడ పెద్దావిడను అలా పిలుస్తారు). పట్టుచీర, పైన స్వెటర్, ఒళ్లో నల్ల అట్ట నోటుబుక్కు.

"తంబి, తెలుంగా?" అంది.

క్యాంటీన్‌లో నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే వినిందట. అవును అన్నాను. ఆ అమ్మాయి అప్పుడే నగుమోము మొదలుపెట్టింది. ఆభేరి రాగం, అందరికీ తెలిసిన త్యాగరాజ కీర్తన. మామి నోటుబుక్కు తెరిచి ఆ పేజీ తీసి నా ముందు పెట్టింది. తమిళ లిపిలో తెలుగు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కాబట్టి పక్కన చిన్న అంకెలు వేస్తారు. నగుమోములో గు అంటే కు పక్కన 3. ఖగరాజు అని రాయాలంటే రెండు క లు, మొదటి దాని పక్కన 2, రెండో దాని పక్కన 3. పేజీ నిండా అలాగే అంకెలు. మా మెడికల్ షాపులో డాక్టర్ల చీటీలు ఇరవై ఏళ్లుగా చదువుతున్నాను గానీ ఆ పేజీ చూసి గాభరా పడ్డాను. అలాంటి పాటలు ఆ పుస్తకంలో రెండొందలకు పైనే ఉన్నాయట. అన్నీ ఆమెకు నోటికి వచ్చు. అర్థం మాత్రం అక్కడో ముక్క, ఇక్కడో ముక్క.

అమ్మాయి చరణంలోకి వచ్చింది. "గగనానికిలకు బహు దూరంబనినాడో" అన్న చోట మామి మళ్లీ వేలితో పొడిచి, "ఇలకు అంటే ఆకుకా?" అంది.

తమిళంలో ఇలై అంటే ఆకు. నేను అప్పుడే ఆకు ముందు నుంచి లేచి వచ్చినవాణ్ణి. ఆకాశానికీ అరిటాకుకీ చాలా దూరం అని త్యాగయ్య ఎందుకంటాడో నలభై ఏళ్లుగా ఆమెకు అంతుపట్టలేదట. ముందు వరసలో ఉన్న ఒక మామ వెనక్కి తిరిగి, అది కిళక్కు, అంటే తూర్పు అని తేల్చేశాడు. నాకు నవ్వు ఆగలేదు. ఇల అంటే భూమి అని గుసగుసగా చెప్పాను. గరుత్మంతుడు నీ మాట విని వెంటనే బయల్దేరలేదా, ఆకాశానికీ భూమికీ చాలా దూరం అన్నాడా అని త్యాగయ్య రాముణ్ణి అడుగుతున్నాడు అన్నాను.

మామి ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే మా మాంబళం ఆటోవాడిలాగా! మైలాపూరా, రొంబ దూరం, రానమ్మా అంటాడే!" అని పైకే అనేసింది. వయొలిన్ అబ్బాయి కూడా మా వైపు చూశాడు. నేను ఆ కీర్తన చిన్నప్పటి నుంచీ వింటున్నాను, సినిమాల్లో విన్నాను, రేడియోలో విన్నాను. అందులో ఇంత హాస్యం ఉందని, కోపం వచ్చిన మనిషి ఎత్తిపొడిచినట్టు ఉందని, ఆ మధ్యాహ్నమే పట్టుబడింది.

అంతటితో ఆగి ఉంటే నా తెలుగు పరువు నిలిచేది. మామి అనుపల్లవి దగ్గరకు వెళ్లింది. "ఒగి బోధన జేసెడు" అని ఉంది కదా, ఈ ఒగి ఏమిటి తంబీ అంది. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి, రాగం కోసం అలా వేస్తారు అని ఏదో నసిగాను. ఆమె నమ్మినట్టే తలూపి, పెన్సిల్‌తో ఆ మాట పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంది. ఆ ప్రశ్న గుర్తు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. రాత్రి చిన్నాన్న ఇంట్లో ఫోన్లో నిఘంటువు వెతికితే తేలింది. ఒగి అంటే క్రమంగా, చక్కగా. నీ చుట్టూ ఉన్నవాళ్లు నీకు చక్కగా చెప్పేవాళ్లు కారా అని. మర్నాడు మధ్యాహ్నం అదే హాలుకు పరుగెత్తి అదే వరసలో వెతికాను. ఆమె లేదు. మూడో రోజు దొరికింది. చెప్పాను. రబ్బరుతో ప్రశ్న గుర్తు చెరిపి, పైన రాసుకుని, "మొన్న నువ్వు పొయ్యి చెప్పావని నాకు తెలుసు" అంది. తమిళంలో పొయ్ అంటే అబద్ధం.

ఇదీ మధ్యాహ్నం కచేరీ మీద నా ప్రేమకు కారణం. సాయంత్రం హాలు నిండి ఉంటుంది, పక్కవాడు ఊపిరి గట్టిగా పీల్చినా నలుగురు తిరిగి చూస్తారు. మధ్యాహ్నం ఇలాంటివి జరగడానికి చోటుంటుంది. అప్పటి నుంచి నేను సీజన్‌కు వెళ్లే ముందు నాలుగైదు కీర్తనలు చదువుకుని వెళ్తున్నాను, పరీక్షకు వెళ్లినట్టు. ఎవరైనా అడిగితే చెప్పగలగాలని. చెప్పలేనివి ప్రతి ఏడూ మిగులుతూనే ఉన్నాయి.

ఆ మామి వాళ్ల నాన్న తెలుగు పాటల కచేరీలకే వెళ్లేవాడు కాదట. మన ఊళ్లో మన భాషలో పాడరా అని కోపం. అలాంటివాళ్ల కోపం లోంచే 1943లో తమిళ పాటల కోసం తమిళ ఇసై సంగం పుట్టింది. ఇప్పటికీ చాలా కచేరీల్లో తెలుగుదే పెద్ద వాటా కాబట్టి ఆయన కోపం అర్థం చేసుకోదగ్గదే. మనవాళ్లు ఇక్కడికి వచ్చి "చూశారా, అంతా మన తెలుగే" అని ఛాతీ విరుచుకోవడం నేనూ మొదట్లో చేశాను. ఒగి తర్వాత తగ్గించాను.

ఇన్ని మంచిమాటలు చెప్పాను కాబట్టి మిగతావి కూడా చెప్పాలి. కచేరీ రెండు గంటలంటారు, నిజంగా గంటన్నర దొరికితే అదృష్టం. ఒకసారి ఒక హాల్లో (పేరెందుకులే) మొదట పాడే వర్ణం మొత్తం వయొలిన్ మైకు పనిచేయలేదు. కుర్రవాడు విల్లు లాగుతున్నాడు, మాకు వినపడడం లేదు. మైకు మనిషి భోజనానికి వెళ్లాడు. అతను వచ్చి సరిచేశాక, సభ పెద్దమనిషి ఒకాయన వేదికెక్కి శాలువా కప్పి, సభ చరిత్ర పావుగంట చెప్పాడు. వెనక వచ్చే కచేరీకి టైమైపోతోందని చీటీ పంపించారు. పాడుతున్న అమ్మాయి ఎంచుకున్న పెద్ద రాగం ఆలాపన మూడు నిమిషాల్లో ముగించి, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన వదిలేసి, మృదంగానికి రెండు ఆవర్తాలు (తాళపు చుట్లు) ఇచ్చి మంగళం పాడేసింది. కచేరీ అయ్యాక క్యాంటీన్ బయట వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. తెలుగాయన, న్యూజెర్సీ నుంచి వచ్చారు. కూతురు అక్కడే ఒక తమిళ టీచరు దగ్గర ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని నేర్చుకుందట. ఈ గంటన్నర కోసం నలుగురి విమానం టికెట్లు, ఏడాది సాధన. "పర్లేదండీ, డిసెంబర్‌లో మద్రాసులో పాడింది కదా" అన్నాడు గానీ ముఖంలో పర్లేదని లేదు. టికెట్టు లేని పాట మనకు ఉచితం, పాడేవాళ్లకు కాదు. ఆ రోజు తర్వాత "అంతా ఫ్రీ, వెళ్లండి" అని చెప్పడం మానేశాను. "వెళ్లండి, చివరిదాకా కూర్చోండి" అంటున్నాను.

క్యాంటీన్ గురించి పైన రాసిందంతా నిజమే, కానీ అందులో సగం పన్నెండేళ్ల కిందటి నిజం. ఇప్పుడు ధర హోటల్ ధరే. పన్నెండున్నర దాటితే ఆకు కోసం వెనక మనిషి కుర్చీ పట్టుకుని నిలబడతాడు, ఆ చూపులో పాయసం రెండోసారి అడగబుద్ధి కాదు. పైగా నాకు మూడేళ్లుగా షుగరు. కాశీ హల్వాను ఇప్పుడు చిన్నాన్న తింటుంటే చూస్తాను. అందుకే క్యాంటీన్ మీద నా అభిప్రాయాన్ని మరీ పట్టించుకోకండి, అది కాస్త అసూయతో కలిసిపోయింది.

మైలాపూరు చుట్టూ మెట్రో తవ్వకాల వల్ల ఈమధ్య ఒక సభ నుంచి ఇంకో సభకు పరుగెత్తడం కుదరడం లేదు. రోజుకు ఒక హాలు పట్టుకుని కూర్చోవడమే మేలు. శాలువా తీసుకెళ్లండి, ముప్పై మందికి కూడా వాళ్లు మూడొందల మందికి వేసినంత ఏసీ వేస్తారు. లేదంటే అసలు వేయరు.

మీరు వెళ్లాలా అంటే, నేను గట్టిగా చెప్పలేను. నాకు మూడు గంటల రైలు ప్రయాణం, చిన్నాన్న ఇల్లు, షాపు చూసుకోవడానికి తమ్ముడు ఉన్నారు. హైదరాబాదు నుంచి వచ్చి, ఆ రోజుల్లో మైలాపూరులో గది తీసుకుని, ముక్కూ మొహం తెలియని పిల్లల పాట వినడానికి ఖర్చుపెట్టండి అని చెప్పే ధైర్యం నాకు లేదు. సాయంత్రం పెద్ద కచేరీ ఒకటి చేతిలో పెట్టుకుని, మధ్యాహ్నాన్ని దానికి కొసరుగా పెట్టుకుంటే నష్టం ఉండదు. కర్ణాటక సంగీతం బొత్తిగా పరిచయం లేకపోతే మొదటి రోజు నిద్ర వస్తుంది. నాకూ వచ్చింది, అందుకే కదా ఈ కథంతా.

పోయిన సీజన్‌లో మామి మోకాళ్ల నొప్పితో రెండు రోజులే వచ్చింది. క్యాంటీన్ క్యూలో నా ముందు నలభై మంది, ఆమె నా వెనక కర్ర పట్టుకుని. "గగనానికి ఇలైకి బహు దూరం" అంది, ఈసారి ఆకు అనే అర్థంలోనే. నోటుబుక్కులో ఇంకో పదకొండు ప్రశ్న గుర్తులున్నాయి. వాటిని ఫోన్లో ఫొటో తీసుకొచ్చాను. ఏడు మాటలకు అర్థం దొరికింది.