ఇల్యుమినానా, నానోపోరా: ఏది మేలు?

"మేడం, రోగాల నిఘాకు బ్యాక్టీరియా జీనోమ్ (దాని మొత్తం డీఎన్‌ఏ) చదవాలంటే ఇల్యుమినా, నానోపోర్ మిషన్లలో ఏది మంచిది?" కర్నూలులోనే కాదు, కడప, అనంతపురం నుంచి కూడా పీజీ పిల్లలు ఫోన్ చేసి అడిగేది ఇదే. మొన్న మా ల్యాబుకు ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది కాబట్టి నా అభిప్రాయం చెబుతాను.

ఇల్యుమినా రీడు, అంటే మిషన్ ఒక్కసారికి చదివే డీఎన్‌ఏ ముక్క, పొట్టిదే, మామూలుగా 300 అక్షరాల లోపే. కానీ తప్పులు చాలా అరుదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా జీనోమ్‌లో దాదాపు 48 లక్షల అక్షరాలుంటాయి. ఇద్దరు రోగుల నమూనాల్లో రెండు మూడు అక్షరాల తేడా లెక్కబెట్టి, జబ్బు ఒకేచోటి నుంచి వచ్చిందా అని తేల్చాలంటే నేను ఇప్పటికీ దాన్నే నమ్ముతాను. టీబీకీ అంతే. కాకపోతే ఖర్చు గిట్టాలంటే ఒకేసారి చాలా నమూనాలు పెట్టాలి, బ్యాచ్ నిండాలి. మా దగ్గర అది నిండేసరికి వారాలు పడుతుంది.

నన్ను నానోపోర్ వైపు తిప్పింది మాత్రం ప్లాస్మిడ్, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటిపోగల చిన్న డీఎన్‌ఏ వలయం. ఐసీయూ రోగి క్లెబ్సియెల్లాలోనూ, వేరే వార్డు రోగి ఈ. కోలైలోనూ పెద్ద యాంటీబయాటిక్స్‌కూ లొంగకుండా చేసే ఎన్‌డీఎం జన్యువు దొరికింది. బ్యాక్టీరియాలు వేరు కదా, సంబంధం లేదని వదిలేయాలా? కనకాంబరాలు కలిపిన మల్లెదండలను వేలెడు ముక్కలుగా తుంచేసి, ఈ కనకాంబరం ఏ దండలోదో చెప్పమంటే ఎలా చెబుతాం? పొట్టి రీడ్లతో మాకు అదే జరిగింది. జన్యువుకు అటూ ఇటూ ఉన్న వరసలు జీనోమ్‌లో ఇంకా చాలాచోట్ల ఉండటంతో, అది ఎక్కడిదో తెలియని చిన్న ముక్కగా మిగిలిపోయింది. నానోపోర్ రీడ్లు వేల అక్షరాల పొడవున వచ్చేసరికి ప్లాస్మిడ్ వలయం మొత్తం కలిసింది. రెండింటిలోనూ అదే ప్లాస్మిడ్! ఆ రోజే రెండు వార్డులనూ కలిపి వెతకడం మొదలుపెట్టాం.

డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు (బ్యాక్టీరియా తగిలించుకునే చిన్న రసాయన గుర్తులు) ఉన్న చోట నానోపోర్ పొరబడుతుంది, నిజమే. సిగ్నల్‌ను అక్షరాలుగా మార్చే కొత్త సాఫ్ట్‌వేర్ మోడల్స్‌తో అది బాగా తగ్గింది.

డీఎన్‌ఏను ముక్కలు చేసి జెల్ మీద గీతలుగా పోల్చే పాత పద్ధతి పీఎఫ్‌జీఈ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. ఆహారం వల్ల వచ్చే జబ్బులపై నిఘా పెట్టే అమెరికా ల్యాబుల నెట్‌వర్క్ పల్స్‌నెట్ కూడా 2019లో దాన్ని వదిలి జీనోమ్‌కు మారింది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టొద్దు.

మేము అరచేతిలో పట్టే నానోపోర్ మిషన్ మినయాన్ తీసుకున్నాం. టీబీ నమూనాలు మాత్రం బయటికే పంపుతాం. మీరూ తీసుకుంటే డీఎన్‌ఏ తీసేటప్పుడు ట్యూబును వేగంగా కుదిపి కలిపే వోర్టెక్స్ మీద పెట్టకండి, పొడవైన డీఎన్‌ఏ పోగులు తెగిపోతాయి. మేము వెడల్పు నోరున్న టిప్పులు వాడి, ట్యూబును మెల్లగా తలకిందులు చేస్తూ కలుపుతాం.