సి++17 టైప్ డిడక్షన్: ఏళ్లపాటు వాడాక

సి++ భాష 2017 వెర్షన్, అంటే సి++17, వచ్చాక టెంప్లేట్ క్లాసు (ఏ టైపుతోనైనా పనిచేసేలా రాసిన క్లాసు) పేరు పక్కన కోణపు బ్రాకెట్లలో టైప్ రాయడం చాలాచోట్ల అవసరం లేకుండా పోయింది. ఇచ్చిన విలువల్ని చూసి కంపైలరే టైప్ తేల్చుకుంటుంది, దీన్నే డిడక్షన్ అంటారు. ఫంక్షన్ టెంప్లేట్లకు ఈ సౌకర్యం ముందునుంచే ఉంది. క్లాసులకు లేకపోబట్టే మేక్_పెయిర్ (రెండు విలువల్ని జతచేసేది) లాంటి సహాయక ఫంక్షన్లు వచ్చాయి.

నాకు బాగా నచ్చినవి లాక్_గార్డ్ (తాళం వేసి, పని అయ్యాక తానే తీసే క్లాసు), అర్రే (సైజు మారని వరస). మ్యూటెక్స్, అంటే ఆ తాళం, ఇస్తే చాలు, గార్డ్ దాని టైప్ పట్టేస్తుంది. అర్రేలో మూడు అంకెలు పెడితే టైపుతో పాటు సైజు 3 అని కూడా తనే లెక్కకడుతుంది. కొత్త అంకె చేర్చిన ప్రతిసారీ సైజు దిద్దే పని తప్పింది, అదొక్కటే చాలు నాకు.

వెక్టర్ (సైజు పెరగగల వరస) దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. సెట్‌లోని విలువల్ని వెక్టర్‌లోకి తెచ్చుకోవాలనుకోండి. సెట్ మొదలు, చివర చూపే ఇటరేటర్లు బిగిన్, ఎండ్ రెండూ మామూలు బ్రాకెట్లలో ఇస్తే డిడక్షన్ గైడ్ (ఏ టైప్ తేల్చాలో కంపైలర్‌కి చెప్పే నియమం) సాయంతో సెట్‌లోని టైపుతోనే వెక్టర్ వస్తుంది. అవే ఫ్లవర్ బ్రాకెట్లలో పెడితే రెండు ఇటరేటర్లున్న వెక్టర్ తయారవుతుంది! ఆ లైన్ దగ్గర కంపైలర్ ఏమీ అనదు. ఎర్రర్ ఎక్కడో కింద, ఆ వెక్టర్‌ని వాడినచోట బయటపడుతుంది. అలాగే ఫ్లవర్ బ్రాకెట్లలో ఒక వెక్టర్ ఒక్కటే పెడితే కాపీ వస్తుంది, రెండు పెడితే వెక్టర్ల వెక్టర్ వస్తుంది. ఏ టైపుకైనా పనిచేసేలా రాసే జెనరిక్ కోడ్‌లో ఈ తేడా నిజంగా టెన్షన్ పెడుతుంది. అక్కడ నేను టైప్ రాసే తీరతాను, జూనియర్లకూ అదే చెబుతాను.

నిజానికి వెక్టర్ లాంటి మన కంటైనర్లు చాలావరకు ఖాళీగా పుట్టి, తర్వాత పుష్_బ్యాక్‌తో (చివర ఒక్కో విలువ చేర్చే ఫంక్షన్‌తో) నిండుతాయి. అక్కడ డిడక్షన్ పనికిరాదు, ఎందుకంటే కంపైలర్ చూసేది ఆ ఒక్క డిక్లరేషన్‌నే. రస్ట్ భాష అయితే తర్వాతి లైన్లలో ఏం చేరుస్తున్నామో చూసి టైప్ తేల్చుకుంటుంది. ఈ లోటు నాకు ఇప్పటికీ బాధే. మ్యాప్‌కి (కీ, విలువ జతల కంటైనర్‌కి) కీ టైప్ మాత్రం చెప్పి మిగతాది వదిలేయడమూ కుదరదు: ఇస్తే అన్నీ మనమే ఇవ్వాలి, లేదంటే మొత్తం దానికే వదలాలి. యునీక్_పాయింటర్‌కైతే (తను పట్టుకున్న మెమరీని తానే వదిలించే పాయింటర్) మామూలు పాయింటర్ నుంచి డిడక్షన్ కావాలనే ఆపేశారు, ఆ పాయింటర్ ఒక వస్తువుదో అర్రేదో దాన్ని చూసి చెప్పలేం కాబట్టి.

స్ట్రింగులతో ఇంకో చిక్కు. కోట్స్‌లో ఊరి పేర్లు రాసి వెక్టర్‌లో పెడితే వచ్చేది స్ట్రింగుల వెక్టర్ కాదు, క్యారెక్టర్ పాయింటర్ల వెక్టర్. కోట్స్‌లో నేరుగా రాసిన లిటరల్స్ అయితే ప్రోగ్రామ్ ముగిసేదాకా ఉంటాయి కాబట్టి ఫర్వాలేదు. అదే తాత్కాలిక స్ట్రింగ్ మీద సి_స్టర్ (స్ట్రింగ్ లోపలి అక్షరాలకు పాయింటర్ ఇచ్చే ఫంక్షన్) పిలిచి వచ్చిన పాయింటర్ అందులో పడితే, ఆ లైన్ దాటగానే అది చచ్చిన మెమరీని చూపిస్తుంది. స్ట్రింగులే కావాలంటే ప్రతి లిటరల్ చివర, కోట్స్ బయట, ఎస్ (s) తగిలించండి.