హాస్టల్ డాబా మీద 70 మి.మీ. టెలిస్కోప్: కొనొచ్చా?

బాలికల హాస్టల్ స్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పిల్లల కోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన టెలిస్కోప్ ఇది. 70 మి.మీ. కటకం, 700 మి.మీ. నాభ్యంతరం, ధర ఎనిమిది వేల లోపే. అట్టపెట్టె మీది బొమ్మలో టెలిస్కోప్ చూస్తున్నది అబ్బాయి. చెల్లెలు కాబోలు, వెనక నిలబడి చప్పట్లు కొడుతోంది. మావాళ్లు ఆ బొమ్మ మీద తెల్ల కాగితం అంటించేశారు.

పెట్టె మీద ‘525 రెట్లు’ పెద్దగా చూపిస్తుందని కూడా ఉంది, నమ్మకండి. 4 మి.మీ. ఐపీస్‌కి, అంటే కంటి దగ్గర పెట్టే కటకానికి, 3ఎక్స్ బార్లో (మూడింతలు పెంచే అదనపు కటకం) తగిలిస్తే లెక్క అంతే వస్తుంది గానీ, ఇంత చిన్న కటకానికి 140 రెట్లు దాటితే అంతా మసకే. చంద్రుడికి 25 మి.మీ. ఐపీస్, గ్రహాలకు 10 మి.మీ. చాలు. పౌర్ణమి నాడు చూపిస్తే పిల్లలు నిరాశపడతారు. అష్టమి చంద్రుడైతే వెలుగూ నీడా కలిసేచోట గుంటల అంచులు చక్కగా తేలతాయి. సూర్యుడి వైపు మాత్రం తిప్పనివ్వకండి, ఫిల్టర్ లేకుండా చూస్తే కళ్లు పోతాయి.

అసలు లోపం స్టాండ్. ఫోకస్ మర తిప్పితే చాలు, గురుడు ఊగిపోతాడు. మధ్యలో ఇటుకలు వేసిన సంచి వేలాడదీశాక కాస్త కుదిరింది. గురి చూసుకునే చిన్న గొట్టం, ఫైండర్‌ను పగలే సెల్ టవర్ కొన మీద సరిచేసి పెట్టుకోండి.

గురుడి పక్కన దాని ఉపగ్రహాలు నాలుగు, చుక్కల్లా ఒకే వరసలో కనిపిస్తాయి. ఎనిమిదో తరగతి పిల్ల వాటిని నోట్‌బుక్‌లో గీసుకుంది. మర్నాడు చూసి, “మేడమ్, ఒకటి ఇటు నుంచి అటు పోయింది!” అని కేక పెట్టింది. 1610లో గెలీలియో చూసిందీ ఇదే.

ఇదివరకు డే స్కాలర్ల స్కూల్లో ఉన్నప్పుడు, రాత్రి ఆకాశం చూద్దాం రమ్మంటే మగపిల్లలే వచ్చేవారు. చీకటి పడ్డాక ఆడపిల్లని ఎవరు పంపుతారు? ఈ చదువేమో రాత్రిపూటది. హాస్టల్లో ఆ టెన్షన్ లేదు, మెట్లెక్కితే డాబా. అందుకే బాలికల హాస్టల్ టీచర్లకు గట్టిగా చెబుతున్నా, కొనండి.

చంద్రయాన్-2 మిషన్ డైరెక్టర్ రీతూ కరిధాల్ లక్నోలో ఫిజిక్స్ చదివి, తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో ఏరోస్పేస్ చేశారని చెప్పాను. “అయితే ఇంటర్లో ఎంపీసీ తీసుకోవాలా మేడమ్?” అని వెంటనే అడిగారు. తిరువనంతపురంలో అంతరిక్ష చదువులు చెప్పే ఐఐఎస్‌టీ గురించి, దానికి రాయాల్సిన జేఈఈ అడ్వాన్స్‌డ్ గురించి ఆ రాత్రే డాబా మీద మాట్లాడుకున్నాం. అంతకుముందు క్లాసులో ఇదే చెబితే ఒక్కరూ నోరు విప్పలేదు.

ఐదుకి నాలుగు స్టార్లు, కోత స్టాండుకే. గ్రహం నడినెత్తికొస్తే ఐపీస్ బాగా కిందికి దిగుతుంది. ఆరో తరగతి వాళ్లకు హాయి, నాకే మోకాళ్ల నొప్పి.