సున్నపు తేట మీద పెరిగిన మా డెరాసా: కొన్నేళ్ళ వాడకం తర్వాత

ట్రైడాక్నా అనే పెద్ద సముద్రపు గుల్ల, అంటే క్లామ్‌కి ఎంత వెలుగు కావాలి, ఏ రకం ఇసకలో కూర్చుంటుంది, ఏది రాతికి అతుక్కుంటుంది, ఉప్పదనం ఎంత, వేడి ఎంత... రీఫ్ ట్యాంకు (పగడాలుండే ఉప్పునీటి అక్వేరియం) పెట్టినవాళ్ళకి ఇవన్నీ కంఠతా వచ్చినవే కాబట్టి వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది ఒక్క సున్నపు తేట గురించి. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని ఆర్వో నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, పైనున్న తేటని రాత్రిళ్ళు చుక్క చుక్కగా ట్యాంకులోకి వదలడం, అంతే. ట్యాంకులోంచి ఆవిరైపోయిన నీళ్ళ లోటు తీరేది కూడా దీనితోనే. కాల్క్‌వాసర్ పేరుతో డబ్బాల్లో అమ్మేదీ ఈ పొడే.

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఫ్లాటు. హాల్లో రెండొందల లీటర్ల ట్యాంకు, అందులో ఒక డెరాసా (ట్రైడాక్నాల్లో ఒక రకం), కొన్ని మెత్తటి పగడాలు, ఒక జత క్లౌన్ చేపలు. ఏళ్ళ తరబడి ఆ డెరాసా పెంకు కట్టుకుంటున్నది ఎక్కువగా ఈ తేటతోనే.

నాకు దీని మీద ఇంత మురిపెం ఎందుకో తెలియాలంటే పెంకు అంచు చూడాలి. లైట్లు పూర్తిగా వెలిగి ఉన్నంతసేపూ మాంటిల్ (చిప్పల మధ్య నుంచి బయటికొచ్చే రంగుల కండ) పరుచుకుని అంచుని కనపడనివ్వదు. లైట్లు ఆరాక కాసేపు ఆగి, అది కాస్త లోపలికి ముడుచుకున్నప్పుడు పక్క నుంచి టార్చి వేయాలి. పైనుంచి వేస్తే నీడ తగిలి టక్కున మూసుకుంటుంది. మాంటిల్ అంచున వరసగా చిన్న చిన్న కళ్ళుంటాయి దానికి. పాత పెంకు మీద నాచు, గులాబీ రంగు కొరలైన్ (రాయిలా గట్టిపడే నాచు) మచ్చలు. అంచున మాత్రం ఏ మచ్చా లేని తెల్లటి సన్నటి పట్టీ, వేలిగోరు మందం కూడా ఉండదు. అది ఈమధ్యే కట్టిన కొత్త పెంకు. ఆ పట్టీ ఉందా, క్లామ్ పెరుగుతోంది. లేదా, మాంటిల్ ఎంత నిగనిగలాడుతున్నా ఎక్కడో తేడా ఉంది. టెస్ట్ కిట్ కంటే ముందు నేను దాన్నే నమ్ముతాను.

తేటకి ముందు కాల్షియం ఒక సీసా, ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) ఒక సీసా తెచ్చి పోసేదాన్ని. అవీ పనిచేస్తాయి, కాదనను. కానీ ఒకటి పెరిగి రెండోది పడిపోతూ ఎప్పుడూ ఏదో ఒక సర్దుబాటు తప్పేది కాదు. తేటలో రెండూ పెంకుకి కావలసిన పాళ్ళలోనే వస్తాయి. లెక్క కూడా సులువే. నిండుగా కరిగిన తేట ఒక లీటరు పడితే రెండొందల లీటర్లలో కేహెచ్ (ఆల్కలినిటీ కొలత) అర డిగ్రీ పైచిలుకు, కాల్షియం 4 పీపీఎం పెరుగుతాయి. చెయ్యి జారి పొడి ఎక్కువ వేసినా తేట చిక్కబడదు, ఎందుకంటే లీటరు నీళ్ళలో ఒకటిన్నర గ్రాము పైచిలుకు తప్ప ఈ పొడి కరగదు, మిగిలింది అడుగున మడ్డిలా ఉండిపోతుంది. పంచదారకి భిన్నంగా నీళ్ళు వేడెక్కే కొద్దీ ఇంకా తక్కువ కరుగుతుంది కూడా. మన ఎండల్లో గుర్తుంచుకోవాల్సిన సంగతే. ఇక ఖర్చంటారా, ఏడాదికి సరిపోయే పొడి కలిపినా ఒక మంచి సీసా ధర కాదు.

అసలు మెప్పు మాత్రం పీహెచ్ దగ్గర. మే నెల వచ్చిందంటే తలుపులూ కిటికీలూ బిగించి ఏసీ వేసుకుని ఇంటిల్లిపాదీ హాల్లోనే పడకలేస్తాం. అందరం వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఆ గదిలోనే తిరిగి, చివరికి ట్యాంకులో కరుగుతుంది. రాత్రిళ్ళు నాచు కూడా దాన్ని పీల్చుకోదు. తెల్లారేసరికి మీటరు 7.7 చూపించిన రోజులున్నాయి. తేట ఆ వాయువునే పట్టుకుని కార్బొనేటుగా మారుస్తుంది, అంటే మన ఊపిరే పెంకుకి పనికొచ్చే సరుకవుతుంది. ఇప్పుడు అదే వేళకి 8.1 దగ్గర ఉంటోంది. సీసాల ద్రావణాలు ఎన్ని పోసినా ఈ పని ఇంత తేలిగ్గా జరగలేదు.

పొడి కలుపుతుంటే అత్తయ్య చూసి, "ఏటమ్మా, చేపలకి కూడా కిళ్ళీ కడతన్నావా?" అంది. తన సున్నపు డబ్బీ కూడా తెచ్చి ఇచ్చింది. వద్దన్నాను. కిళ్ళీ సున్నంలో రంగూ వాసనా ఏవేవో కలుపుతారు, ట్యాంకుకి ఫుడ్ గ్రేడ్ పొడే వాడాలి. తన చిన్నతనంలో భీమిలి వైపు ఏటి గుల్లలు బట్టీలో కాల్చి సున్నం తీసేవారని అత్తయ్య చెబుతుంది. గుల్ల సున్నంతో పూసిన గోడ నున్నగా మెరిసేదట. గుల్లని కాలిస్తే సున్నమైంది, ఆ సున్నం నీళ్ళలో గాలి పీల్చి మళ్ళీ గుల్ల అవుతోంది. మా ఇంట్లో రసాయనశాస్త్రం ఇంతకంటే బాగా అర్థమైంది ఎవరికీ లేదు.

ఇక గత వేసవి సంగతి. ట్యాంకు నీళ్ళు తిరిగే కింది తొట్టె, అంటే సంప్‌లో మట్టం తగ్గితే ఫ్లోట్ స్విచ్ కిందికి జారుతుంది, చిన్న పంపు తేటని ఎత్తుతుంది, మట్టం పెరగ్గానే ఫ్లోట్ తేలి పంపు ఆగుతుంది. ఆ స్విచ్ కొన్న కొత్తలో దాన్ని ఎంతమందికి సిఫారసు చేశానో లెక్కలేదు. అయితే తేట ఉప్పునీళ్ళలో పడే చోట కాల్షియం కార్బొనేటు పేరుకుంటుంది. సన్నగా, గరుగ్గా, కంటికి ఆనకుండా. అది ఫ్లోట్ జారే కడ్డీకి చుట్టూ కట్టింది. ఒక రాత్రి కిందికి జారిన ఫ్లోట్ ఆ గరుకుకి పట్టేసి పైకి రాలేదు. పంపు తెల్లవార్లూ ఆడింది.

పొద్దున్నే లేచి చూస్తే ట్యాంకులో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. వెనక గోడ కనపడలేదు. చేపలు పైకి వచ్చి ఎగశ్వాస తీస్తున్నాయి. పది లీటర్ల డబ్బాలో సగం పైన ఖాళీ. మీటరు 9 చూపిస్తోంది. ఎక్కడుందో వెతికితే చేతికి తగిలింది క్లామ్, రెండు చిప్పలూ బిగుసుకుని. మామూలుగా ఎంత గట్టిగా మూసుకున్నా మధ్యలో మాంటిల్ అంచు సన్నగా కనిపిస్తుంది. ఆ రోజు అదీ లేదు.

పంపు పీకేసి మా ఆయన్ని లేపాను. "సోడా తెండి, ఉత్త సోడా. నిమ్మా ఉప్పూ ఏమీ వద్దు." ఆయన వింతగా చూసి, కళ్ళు నులుముకుంటూనే వెళ్ళారు. కొట్టతను, "పొద్దున్నే ఏటి సార్, రాత్రి ఎక్కువైందా?" అన్నాడట. సోడాలో ఉన్నది కార్బన్ డయాక్సైడే, పీహెచ్‌ని దించడానికి ఇంట్లో దొరికే వాటిలో అంతకంటే మెత్తటి మందు లేదు. ఆల్కలినిటీని కదపదు. ఈ పరిమాణం ట్యాంకుకి మూడొందల మిల్లీలీటర్లు పోస్తే పీహెచ్ సుమారు 0.3 దిగుతుంది. రెండు గోలీ సోడాలు కొట్టి, సంప్‌లో పంపు దగ్గర కొంచెం కొంచెంగా, మీటరు చూసుకుంటూ పోశాం. 8.5 కి రాగానే ఆపేశాను. ఒక్కసారిగా మామూలుకి లాగడం కూడా వాటికి దెబ్బే.

తెల్లదనం మధ్యాహ్నానికి దిగింది. అసలు మోసం ఆ తర్వాత తెలిసింది. ఇంత సున్నం పడింది కదా, కేహెచ్ పన్నెండో పదమూడో ఉంటుందనుకుంటారు ఎవరైనా. సాయంత్రం కొలిస్తే 6. పీహెచ్ అంత పెరిగినప్పుడు పడిన సున్నమే కాదు, అంతకుముందు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియమూ ఆల్కలినిటీ కూడా పొడిగా విరిగి అడుగుకి చేరాయి. ఆ తెల్లటి దుమ్మంతా అదే. అక్కడి నుంచి వంటసోడాతో పైకి తెచ్చాను. రెండొందల లీటర్లకి ఒక డిగ్రీ పెరగాలంటే దాదాపు 6 గ్రాములు. రోజుకి ఒక డిగ్రీ మించకుండా, మామూలుగా ఉండే ఎనిమిదిన్నర దాకా.

మూడో రోజో నాలుగో రోజో క్లామ్ సగం తెరిచింది. మాంటిల్ పెంకు అంచుదాకా రావడానికి వారం పైనే పట్టింది. తెల్ల పట్టీ మాత్రం చాలా వారాలు జాడలేదు. ఇప్పుడు పెంకు మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపితే ఒకచోట చిన్న మెట్టు తగులుతుంది, చిప్ప పొడవునా. ఆగిన చోటు అది.

స్విచ్ కొన్న చోట అడిగితే సున్నం వాడితే వారంటీ వర్తించదన్నారు. ఆ పెట్టె మీద బొమ్మలో స్విచ్ పక్కనే కాల్క్ డబ్బా గీసి ఉంది మరి!

ఇప్పుడు ఫ్లోట్‌కి తేటతో సంబంధం లేదు. ఫ్లోట్ ఉత్త ఆర్వో నీళ్ళు మాత్రమే ఎత్తుతుంది. తేటని గంటగంటకీ కొంచెం కొంచెంగా, గొట్టాన్ని నొక్కుతూ తోసే పెరిస్టాల్టిక్ పంపు రాత్రిపూట నడుస్తుంది. డబ్బా కూడా మూడు లీటర్లదే, మొత్తం ఒక్కసారే ఒలికిపోయినా కేహెచ్ రెండు డిగ్రీలు దాటదు. గొట్టం మూతికి తెల్లగా కడుతూనే ఉంటుంది, వెనిగర్‌లో నానబెడితే పోతుంది. డబ్బాలో తేట మీద కూడా సన్నటి పలక తేలుతుంది, ముట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. దాన్ని కదపకుండా గొట్టం మధ్యలోకి దించాలి, అడుగు మడ్డినీ తాకకూడదు.

మొదటి ఏడాది ఎవరడిగినా తేట ఒక్కటి చాలు అనేదాన్ని. క్లామ్ అప్పుడు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఇప్పుడు అరచేయి దాటింది, తినేదీ పెరిగింది. తేటకి ఒక గట్టి హద్దుంది, ఎంత నీరు ఆవిరైతే అంతే పోయగలం. ఏసీ తిరిగే నెలల్లో గది గాలి పొడిగా ఉండి రోజుకి రెండున్నర లీటర్ల దాకా తగ్గుతాయి, తేట పుష్కలంగా పడుతుంది. జూలై, ఆగస్టుల్లో ఏసీ కట్టేసి బీచి వైపు కిటికీలు తీశామంటే, ఆ తేమ గాలికి లీటరు ఆవిరవడం కూడా కష్టం. చెమటే ఆరదు, ట్యాంకు ఏం ఆరుతుంది? ఫ్యాను పెట్టి నీళ్ళు చల్లబరుచుకోవచ్చని హైదరాబాదు వాళ్ళు చెబుతారు. వాళ్ళకి సాగుతుంది, మనకి చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) తప్పదు. ఆ రెండు మూడు నెలలూ తేటకి తోడు మళ్ళీ ఆ సీసాలే తెస్తున్నాను. తెల్ల పట్టీ వానాకాలంలో ఇంకా సన్నబడుతూనే ఉంటుంది.

పెంకు గురించి ఇంత చెప్పి కండ గురించి చెప్పకపోతే అన్యాయం. తేట దాని ఆకలి తీర్చదు. మాంటిల్‌లో ఉండే నాచు వెలుగుతో చక్కెరలు చేసి పెడుతుంది, ఆ నాచుకి నీళ్ళలో కాస్త నైట్రేటు కావాలి. నీళ్ళు మరీ శుభ్రంగా ఉంచి, నైట్రేటు సున్నా చేసి, క్లామ్ పాలిపోతోందేమిటని ఫైటో (నాచు మేత) సీసాలు కొనేవాళ్ళని చూశాను. రెండు చేపల్ని ఎక్కువ పెట్టి మేపితే సరిపోతుంది.

ఎదురుగా సముద్రం పెట్టుకుని ప్యాకెట్లలో ఉప్పు కొంటారా అని పక్కింటివాళ్ళు ఎప్పుడూ నవ్వుతారు. అక్టోబరు, నవంబరుల్లో ఉత్తరం నుంచి నదుల నీళ్ళు కలిసిన ప్రవాహం మన తీరం వెంబడి దిగుతుంది, ఉప్పదనం బాగా పడిపోతుంది. మిగతా నెలల్లోనూ ఒడ్డు నీళ్ళలో ఏ మురుగు కలిసిందో చూసి తెచ్చుకునే ఓపిక నాకు లేదు.

కాగితాల మాట. ట్రైడాక్నా మాక్సిమా అనే రకం మన వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూలులో ఉంది, మన సముద్రాల్లోంచి తీసింది ఎవరిచ్చినా ముట్టుకోకండి. రాళ్ళు కట్టే గట్టి పగడాలదీ అదే కథ. ట్రైడాక్నాలన్నీ సైటీస్ (అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. పలావు దీవుల్లో డెరాసాని హేచరీల్లో పెంచడం ఎప్పటినుంచో ఉంది, అలా పెంచినదాన్నే అనుమతి పత్రాలతో తీసుకోవాలి. 2022 సవరణ తర్వాత ఇలాంటివి ఇంట్లో ఉంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి కూడా. కాగితాలు అడగ్గానే గొంతు తగ్గించే దుకాణంలో చేపల మేత కూడా కొనకండి.

తేట కొనసాగిస్తారా అంటే కొనసాగిస్తాను, కానీ నా సంగతి వేరు. ఇంట్లో రాత్రీ పగలూ ఎవరో ఒకరుంటారు, ట్యాంకు చిన్నది, పెంకు కట్టేది ఒక్కటే, వేసవంతా ఏసీ తిరుగుతుంది. క్యాంపులకి తిరిగే ఉద్యోగమైతే, ఇల్లు తాళం పడి ఉండేదైతే నేనైతే వద్దంటాను. పాకే వయసు పిల్లలుంటే అసలే వద్దు, ఆ తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది, కంట్లో పడిందంటే ప్రమాదం. నేను కలిపేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటాను, పొడి మీద ఫ్యాను గాలి తగలనివ్వను. డెరాసా అర మీటరు దాకా పెరిగే రకం. ఇంకో రెండేళ్ళు పోతే ఈ తేట దానికి ఏ మూలకీ రాదు, ఈ ట్యాంకూ చాలదు. పెద్ద ట్యాంకు మాట మా ఆయన దగ్గర ఇంకా ఎత్తలేదు.