సల్గాడో 'వర్కర్స్' ఫొటో బుక్: మా నాన్నతో కలిసి చూశాక రాస్తున్న రివ్యూ

ఫొటోగ్రాఫర్ సెబాస్టియావో సల్గాడో 'వర్కర్స్' 1993లో వచ్చిన బుక్, నాకు సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. పెద్ద సైజు, 400 పేజీలు, ఒళ్లో పెట్టుకుంటే పది నిమిషాల్లో కాళ్లు తిమ్మిరెక్కుతాయి, చాప మీద పరుచుకుని చూడాల్సిందే. అన్నీ బ్లాక్ అండ్ వైట్. 30 ఏళ్లు దాటినా ప్రింట్ చెక్కు చెదరలేదు, మసి పట్టిన మొహం మీద ముడతలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి, ఇవే ఫొటోలు ఫోన్‌లో ఎన్నిసార్లు చూశానో, అప్పుడు ఇవేవీ కనపడలేదు.

సల్గాడోది బ్రెజిల్, 1944లో పుట్టాడు, చదివింది ఎకనామిక్స్. లండన్‌లో ఇంటర్నేషనల్ కాఫీ ఆర్గనైజేషన్‌లో ఉద్యోగం, ఆ పని మీద ఆఫ్రికా వెళ్లినప్పుడు భార్య లేలియా కెమెరా పట్టుకెళ్లేవాడు, రిపోర్టులకన్నా ఫొటోలే నచ్చి 1973లో ఉద్యోగం వదిలేశాడు. 1984-85లో ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతంలో కరువుని ఫొటోలు తీశాడు. తర్వాత 1986 నుంచి 1992 దాకా ఈ బుక్ పనే. చేతులతో చేసే పనులు మిషన్లొచ్చి పోతున్నాయి, పోయేలోపు ఆ మనుషుల్ని చూపించాలి అనేది ఆయన ఆలోచన. ఎకనామిక్స్ చదివినందుకేనేమో, ఫొటోల్లో జాలి కన్నా పని ఎక్కువ కనిపిస్తుంది, ఎవరు ఏం మోస్తున్నారు, ఎలా మోస్తున్నారు అని. బుక్‌లో ఫొటోల వరస అంతా లేలియాదే.

అందరికీ తెలిసినవి బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గని ఫొటోలు, మట్టి మూటలు వీపున వేసుకుని కర్ర నిచ్చెనల మీద చీమల్లా ఎక్కుతున్న వేల మంది. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో పాత ఓడలు విరగ్గొట్టేవాళ్లు, ఇండోనేషియాలో అగ్నిపర్వతం లోంచి గంధకం మోసుకొచ్చేవాళ్లు, 1991లో కువైట్ చమురు బావుల మంటలు ఆర్పుతూ ఒళ్లంతా నూనె అయిపోయినవాళ్లు, అందరూ ఉన్నారు.

ఇందులో క్యాప్షన్లు ఫొటోల పక్కన ఉండవు, విడిగా చిన్న బుక్‌లెట్ ఇస్తారు. నాకు అమ్మినాయన అది పెట్టలేదు, మూడుసార్లు ఫోన్ చేస్తే నెల తర్వాత పంపాడు. ఈలోపు మా నాన్న బుక్ చూశాడు. ఆయన సింగరేణి బొగ్గు బాయిలో తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు నింపిన కోల్ ఫిల్లర్, అండర్‌గ్రౌండ్‌లోనే రిటైర్ అయ్యాడు. బంగారు గని ఫొటోలు గబగబా తిప్పేసి ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు, బొగ్గు మసితో మొహాలు, తలకి గుడ్డలు. "ఇది మన దిక్కే బిడ్డా, వీళ్లు ఇప్పుడే బాయి లోంచి పైకొచ్చిన్రు" అన్నాడు. ఎట్లా తెలుసంటే కళ్లు చూడు, వెలుతురికి ఇంకా అలవాటు పడలే అన్నాడు. బుక్‌లెట్ వచ్చాక చూస్తే అది మన దేశంలోదే, బొగ్గు గనుల ఊరు ధన్‌బాద్, 1989.

అప్పుడు నాన్న అడిగిన మాటే నాకు ఈ బుక్ మీదున్న కంప్లైంట్. "మరి వీళ్ల పేర్లేవి?" లేవు. ఊరు, సంవత్సరం, అక్కడి పని గురించి రాశారు, మనిషి పేరు మాత్రం లేదు. బాయి మీద మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు పడకపోతే ఆ రోజు కూలి లేనట్టే, అందుకే నాన్నకి ముందు అదే కనపడింది. సల్గాడో తర్వాత తీసిన వలసల ఫొటోల మీద అమెరికన్ రచయిత్రి సూజన్ సొంటాగ్ కూడా ఇదే తప్పు పట్టింది. కష్టాన్ని అందంగా చూపిస్తాడని కొందరు తిడతారు, అది మాత్రం నేను ఒప్పుకోను, పనిచేసే మనిషి అందంగా కనిపిస్తే తప్పేంటి, నాన్నైతే ఆ పేజీ ముందు నిటారుగా కూర్చున్నాడు.

1994లో రువాండాలో నరమేధం చూశాక సల్గాడో మనసు, ఆరోగ్యం రెండూ దెబ్బతిన్నాయి, తర్వాత లేలియాతో కలిసి బ్రెజిల్‌లో తన తండ్రి భూమిలో అడవి పెంచాడు. 2025 మేలో పోయాడు.

కొనండి, ఖరీదెక్కువే అయినా కొనండి. పాత కాపీ అయితే డబ్బు కట్టే ముందే బుక్‌లెట్ ఫొటో తీసి పంపమని అడగండి. మాది ఇప్పుడు ధన్‌బాద్ పేజీ దగ్గర తెరిచే ఉంది, నాన్న మూయనివ్వట్లేదు.