రొయ్యల చెరువులకు దారి చూపే జీపీఎస్: ఫర్మ్‌వేర్ తిరిగి ఎక్కించిన తరువాత రెండేళ్ల వాడకం

ఉప్పాడ తీరంలోని హేచరీల (రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రాల) నుంచి వెనామీ రొయ్య పిల్లలను, అంటే సీడును, రాత్రిపూట బొలెరోలో తీసుకువెళ్లి కాట్రేనికోన, మలికిపురం, సఖినేటిపల్లి, మొగల్తూరు మండలాల్లోని చెరువులకు చేర్చడం నా వృత్తి. 2017 దసరాకు కొన్న 7 అంగుళాల జీపీఎస్ పరికరం అప్పటినుంచి నా బండి అద్దానికే అంటిపెట్టుకొని ఉంది. 2023 నవంబరులో ఒక రాత్రి అది ఆన్ అయి, తయారీదారు గుర్తు చూపించి, పది పన్నెండు సెకన్లకు ఆరిపోయి, మళ్లీ దానంతటదే మొదలై, మళ్లీ ఆరిపోతూ ఎంతకూ మ్యాపు దాకా రాలేదు. అదే నెలలో నేను దానికి ఫర్మ్‌వేర్, అంటే పరికరాన్ని లోపలి నుంచి నడిపించే మూల ప్రోగ్రాము, తిరిగి ఎక్కించాను. ఆ తరువాత రెండేళ్లకు పైగా వాడాను గనుక, ఆ పని ఎంతవరకు నిలిచిందో ఇప్పుడు చెప్పగలను.

చేతిలో ఫోను ఉండగా ఈ పాత పరికరం ఎందుకని చాలామంది అడుగుతారు. చెరువులకు చిరునామాలు ఉండవు. కోళ్ల ఫారం దాటాక రెండో తూము దగ్గర ఎడమ గట్టు ఎక్కాలని రైతు చెబుతాడు, అర్ధరాత్రి వేళ తూములన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఆక్సిజన్ పట్టిన సంచుల్లోని సీడు ఎండ ఎక్కక ముందే చెరువు నీటికి అలవాటు పడాలి కాబట్టి, దారి తప్పి పోగొట్టుకున్న ప్రతి అరగంటా రైతుకు నష్టమే. సముద్రపు అంచున ఉన్న చెరువుల దగ్గర ఫోను సిగ్నల్ నిలకడగా ఉండదు, ఉన్నప్పుడు రైతూ హేచరీవారూ ఒకరి తరువాత ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఈ పరికరంలో మ్యాపు లోపలే ఉంటుంది, దానికి ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతం తప్ప మరేమీ అక్కరలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆరేళ్లలో నేను గట్టు గట్టుకూ ఆగి గుర్తుపెట్టుకున్న 312 చెరువుల స్థానాలు అప్పటికి అందులో ఉన్నాయి.

ముందుగా నేను అనుమానించింది విద్యుత్తును, ఇలాంటి లోపంతో బాధపడే ఎవరైనా అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. లాప్‌టాప్‌కు కలిపి చూస్తే యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లకు మించి ఇవ్వదు, పెద్ద తెర వెలిగే సమయానికి అది చాలక పరికరం పడిపోవచ్చు, ఆ మాత్రానికే ఫర్మ్‌వేర్ పాడైందని అనుకోకూడదు. 5 వోల్టుల, 2 ఆంపియర్ల చార్జరు పెట్టినా తీరు మారలేదు. వెనుక ఉన్న నాలుగు స్క్రూలు విప్పి చూస్తే లోపలి లిథియం బ్యాటరీ పొట్ట ఉబ్బి, డబ్బా మూతను లోపలి నుంచి నెడుతోంది. పూర్తిగా చార్జయితే 4.2 వోల్టులు చూపాల్సిన సెల్లు, గంటసేపు చార్జింగులో ఉంచిన తరువాత కూడా 3.1 దగ్గరే ఉండిపోయింది. రోహిణి కార్తె ఎండలో అద్దం వెనుక ఆరు వేసవులు గడిపిన బ్యాటరీ అలా కావడంలో ఆశ్చర్యం లేదు. ఉబ్బిన సెల్లును గుచ్చకుండా, వంచకుండా తీసి, అమలాపురంలో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర అదే కొలతల కొత్తది వేయించాను. అయినా గుర్తు రావడం, ఆరిపోవడం ఆగలేదు.

అప్పుడు ఆ పెద్దాయన చెప్పిన మాటే ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి. “బండి స్టార్ట్ చేసేటప్పుడు ఇది ఆన్‌లోనే ఉంచుతావా బాబూ?” అని అడిగారు. ఉంచుతాను. సెల్ఫ్ తిప్పిన క్షణంలో బండి బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది, దానితో చార్జరు నుంచి వచ్చే 5 వోల్టులూ తెగిపోవచ్చు. లోపలి బ్యాటరీ బలంగా ఉంటే ఆ ఒకటి రెండు సెకన్లు అదే మోస్తుంది, కాని నీరసించిన బ్యాటరీ మోయలేదు. సరిగ్గా అప్పుడే పరికరం తన ఫ్లాష్ మెమరీలో ఏదైనా రాసుకుంటూ ఉంటే ఆ రాత సగంలో ఆగి, ఫైళ్ల పట్టిక చెదిరిపోతుంది. ఆ పైన ప్రతిసారీ బూట్‌లోడరు (ఆన్ చేయగానే మొదట లేచే చిన్న ప్రోగ్రాము) సరిగానే లేచి, కర్నల్‌ను (పరికరాన్ని నడిపే ప్రధాన ప్రోగ్రామును) పిలిచి, చెదిరిన చోటికి రాగానే కూలిపోయి, మొదటికి వస్తుంది. అంటే బ్యాటరీ మార్చకుండా ఫర్మ్‌వేర్ ఒక్కటే ఎక్కించి ఉంటే కొన్ని నెలలకు మళ్లీ ఇదే స్థితి వచ్చేది.

నా పరికరం చిన్న పరికరాల కోసం చేసిన విండోస్ సీఈ 6.0 మీద నడుస్తుంది. బయటి డబ్బా ఒకేలా ఉన్న పరికరాల్లో కూడా లోపలి బోర్డులు వేరుగా ఉంటాయి గనుక, మోడల్ పేరు చూసి ఫర్మ్‌వేర్ తెచ్చుకోవడం ప్రమాదం. బోర్డు మీద తెల్ల అక్షరాలతో అచ్చయిన సంఖ్యను, ప్రాసెసరు సంఖ్యను, తెర వెనుక రిబ్బను మీది సంఖ్యను ఫొటో తీసుకొని ఆ మూడూ కలిసే ఫైలు కోసమే వెదకాలి. నేను మొదటిసారి రెండు సంఖ్యలు కలిశాయని తృప్తిపడి ఎక్కించాను. పరికరం లేచింది కాని, తెర మీద బొమ్మ ఒక పక్కకు జరిగిపోయి, కుడివైపు నొక్కితే ఎడమవైపు పనిచేసింది. ఫర్మ్‌వేర్‌ను మెమరీ కార్డు నుంచి ఎక్కించాలి; బూట్‌లోడరు ఫైలును ఆ కార్డులో పెట్టకుండా, కర్నల్ ఇమేజి అయిన ఎన్‌కే.బిన్‌ను మాత్రమే ఎక్కించాను కాబట్టి బతికిపోయాను. తప్పు కర్నల్ ఎక్కినా బూట్‌లోడరు ఉన్నంతకాలం మరో ప్రయత్నానికి వీలుంటుంది, బూట్‌లోడరే పోతే ఇంటి దగ్గర చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

కార్డు విషయంలో ఒక పూట వృథా అయింది. నా దగ్గరున్న 64 జీబీ కార్డును పరికరం గుర్తించనే లేదు. 32 జీబీకి మించిన కార్డులు వేరే ప్రమాణానికి చెందుతాయి, సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, ఇలాంటి పాత పరికరాలు చాలావరకు వాటిని చదవలేవు. మా మేనల్లుడు తన పాత ఫోనులోని 4 జీబీ కార్డు తెచ్చి, “దీన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి పెట్టండి మావయ్యా, తప్పక తీసుకుంటుంది” అన్నాడు, అలాగే తీసుకుంది. సరైన ఫైలు ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ కరెంటు పోకూడదని పరికరాన్ని ఇన్వర్టరు మీద పెట్టాను, మా ఊళ్లో అది అవసరమైన జాగ్రత్తే.

లేచిన తరువాత కూడా చేయాల్సిన పని చాలా ఉంది. తెర మీద కనిపించే ప్లస్ గుర్తులను ఒక్కొక్కటిగా నొక్కి స్పర్శను సరిచేయాలి, మ్యాపు ప్రోగ్రాము ఏ ఫోల్డరులో ఉందో చూపాలి, జీపీఎస్ చిప్పు ఏ పోర్టులో, ఏ వేగంతో మాట్లాడుతుందో నమోదు చేయాలి. నా దాంట్లో అది రెండో పోర్టు, వేగం సెకనుకు 9600 బిట్లు. ఇది తప్పితే ఉపగ్రహాల గడులన్నీ ఖాళీగా ఉంటాయి, చిప్పు పాడైందని పొరబడతాము. మొదటిసారి స్థానం దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఉపగ్రహాలన్నిటి వివరాల జాబితా ఒకసారి పూర్తిగా ప్రసారం కావడానికే 12.5 నిమిషాలు పడుతుంది, పైగా కొబ్బరి తోటలో ఆకాశం ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది. బండిని కాలవ గట్టు మీదికి తెచ్చి నిలిపిన తరువాతనే స్థానం చూపింది.

ఈ రెండేళ్లలో అది ఒక్కసారి కూడా పాత తీరుగా తిరిగి మొదలవడంలో చిక్కుకోలేదు. స్టార్ట్ చేసే ముందు చార్జరు తీసేసి, ఇంజను అందుకున్న తరువాత పెట్టడం అలవాటు చేసుకున్నాను. అయితే కొన్ని ఇబ్బందులు మిగిలాయి. ఉపగ్రహాలు తేదీని వారాల సంఖ్యగా పంపుతాయి; తిరిగి ఎక్కించిన ఫర్మ్‌వేర్ పాతది కావడంతో, 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క 1024 పూర్తయి సున్నాకు వచ్చినప్పుడు నేను చేయించుకున్న సవరణ ఇందులో లేదు. అందుచేత తేదీని 1024 వారాలు వెనక్కి లెక్కగట్టి, 2023 నవంబరు 20న అది 2004 ఏప్రిల్ 5 అని చూపింది. స్థానంలో తేడా ఏమీ లేదు కాని, సూర్యాస్తమయాన్ని తేదీని బట్టి లెక్కగడుతుంది కాబట్టి కార్తీక మాసంలో తెర రాత్రి రంగులకు ముప్పావుగంట ఆలస్యంగా మారుతుంది. నేను చేతితోనే మార్చుకుంటున్నాను. ఇంకొకటి ఇంతకంటే ప్రమాదకరం: సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోవడంతో ఫెర్రీలను తప్పించమన్న ఆదేశమూ పోయింది. మొదటి వారంలోనే, పంటు (బండ్లను నది దాటించే పడవ) నడవని వేళ, నన్ను నర్సాపురానికి సఖినేటిపల్లి రేవు మీదుగా తీసుకుపోబోయింది. దిండి దగ్గర చించినాడ వంతెన వైపు నేనే మళ్లాను.

చెరువుల గుర్తుల సంగతి చెప్పడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ ఏడాది సంక్రాంతికి వాటి ఫైలును కంప్యూటరులోకి కాపీ చేసి ఉంచాను. అందులో 271 ఉన్నాయి, వాటిని తిరిగి పెట్టుకున్నాను. సంక్రాంతి తరువాత చేర్చిన 41 పోయాయి. రెండు సీజన్లలో రైతులను అడుగుతూ, గట్టు మీద ఆగుతూ 36 తిరిగి నమోదు చేశాను. ఇప్పుడు ప్రతి అమావాస్యకు ఆ ఫైలును రెండు చోట్ల దాచుకుంటున్నాను.

బ్యాటరీ మార్చి ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి నాకు మొత్తం 700 రూపాయలు, మూడు సాయంత్రాలు ఖర్చయ్యాయి. నగరంలో తిరిగేవారు, రద్దీని బట్టి దారి మార్చుకోవాల్సినవారు ఇంత శ్రమ పడనక్కరలేదు, వారికి ఫోనే మేలు. లంకల్లో, సముద్రపు గట్ల మీద, రాత్రివేళ ఒకే రకం చోట్లకు పదేపదే వెళ్లేవారికి మాత్రం నేను నిస్సంకోచంగా దీన్ని బాగుచేయించుకోమని చెబుతాను. కిందటి వేసవిలో ఇదే బోర్డు సంఖ్య ఉండి తెర పగిలిన పరికరం ఒకటి దొరికితే 400 రూపాయలకు కొని, విడిభాగాల కోసం అట్టపెట్టెలో భద్రపరిచాను.